ఇంట్లో, చిన్న షెడ్డులో పుట్టగొడుగుల పెంపకం: తరచుగా అడిగే ప్రశ్నలు

పుట్టగొడుగులు పెంచాలనుకునే కొత్తవారికి, రెండు మూడు విడతలు పెంచి ఎక్కడో దెబ్బతిని ఆగిపోయినవారికి వచ్చే సందేహాలు దాదాపు ఒకటే. అవే ప్రశ్నలు పదేపదే ఎదురవుతున్నందువల్ల, వాటిని అడిగేవారి మాటల్లోనే ఉంచి, పని సాగే క్రమంలో దశలవారీగా ఇక్కడ చేర్చాను. ఏ జవాబును ఆ జవాబుగా విడిగా చదువుకోవచ్చు. ప్లాస్టిక్ సంచుల్లో నింపే గడ్డిలోనో రంపపు పొట్టులోనో ఉన్న ఆహారం కోసం పుట్టగొడుగుతోపాటు బూజులు, బ్యాక్టీరియా కూడా పోటీపడతాయి. సాగుదారు చేసే ప్రతి పనీ, అంటే శుద్ధి, విత్తనం మోతాదు, గాలి, తేమ, అన్నీ ఆ పోటీలో పుట్టగొడుగును ముందుంచడానికే అని గ్రహిస్తే సగం సందేహాలు వాటంతటవే తీరిపోతాయి.

## మొదలుపెట్టే ముందు

మొదటిసారి పెంచుతున్నాను. ఏ రకం ఎంచుకోవాలి?

ముత్యపు చిప్ప పుట్టగొడుగు, అంటే ఆయిస్టర్, అన్నింటికన్నా మంచిది. ఇది ఎన్నో రకాల వ్యవసాయ వ్యర్థాల మీద పెరుగుతుంది, బూజుల కంటే వేగంగా పాకుతుంది, చిన్న చిన్న పొరపాట్లను తట్టుకుంటుంది, విత్తనం వేసిన నాలుగు నుంచి ఆరు వారాల్లో మొదటి కోత ఇస్తుంది. షిటాకే, లయన్స్ మేన్, కింగ్ ఆయిస్టర్ వంటివి రుచిలోనూ ధరలోనూ ఎక్కువ ఆశపెట్టేవే అయినా, వాటికి తవుడు కలిపిన రంపపు పొట్టును పూర్తిగా క్రిమిరహితం చేయగల ఏర్పాటు కావాలి. ఆయిస్టర్‌తో వరుసగా కొన్ని విడతలు బూజు లేకుండా తీసిన తరువాతే వాటి జోలికి వెళ్ళడం మంచిదని నా గట్టి అభిప్రాయం. ఆ అనుభవం లేకుండా ఖరీదైన పరికరాలు కొన్నవారు సాధారణంగా బూజునే ఖరీదుగా పెంచుతారు.

ఏ రకం ఏ ఉష్ణోగ్రతలో పండుతుంది? మా దగ్గర వేడి ఎక్కువ.

గదిని రకానికి తగ్గట్టు మార్చడం కన్నా, గదికి తగ్గ రకాన్ని ఎంచుకోవడం ఎంతో చవక. బూడిద రంగు ఆయిస్టర్ 10 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య బాగా పండుతుంది. కింగ్ ఆయిస్టర్‌కు 12 నుంచి 18 డిగ్రీల చల్లదనం ఉండాలి. లయన్స్ మేన్ 16 నుంచి 24 డిగ్రీల వరకు సర్దుకుంటుంది. కొంచెం వెచ్చని చోట పసుపు రంగు ఆయిస్టర్, ఇంకా వేడి చోట 22 నుంచి 32 డిగ్రీల మధ్య పెరిగే గులాబీ రంగు ఆయిస్టర్ అనుకూలం. 28 నుంచి 35 డిగ్రీల వేడిలో పాల పుట్టగొడుగు, వరిగడ్డి పుట్టగొడుగు రెండూ హాయిగా పండుతాయి. పాల పుట్టగొడుగు సంచిని, గడ్డి అంతా పుట్టగొడుగు తాలూకు తెల్లని దారాలు అల్లుకున్న తరువాత తెరిచి, పైన శుద్ధి చేసిన మట్టిని రెండు మూడు సెంటీమీటర్ల మందాన పరచాలి. ఆ మట్టిపొర లేకపోతే మొగ్గ సరిగా కట్టదు.

దుకాణాల్లో దొరికే బటన్ పుట్టగొడుగును ఇంట్లో పెంచలేమా?

పెంచవచ్చు గాని, మొదటి ప్రయత్నంగా పెట్టుకోవలసినది కాదు. బటన్ పుట్టగొడుగు ఆయిస్టర్‌లా మామూలు గడ్డి మీద పెరగదు. గడ్డి, పశువుల లేదా కోళ్ల ఎరువు, జిప్సం కలిపి, పలుమార్లు తిరగవేసి, ఆ పైన వేడి గదిలో ఆవిరితో పక్వానికి తెచ్చిన ప్రత్యేక కంపోస్టు కావాలి. ఈ పని పెద్ద కుప్పలో చేస్తేనే తగినంత వేడి పుడుతుంది కాబట్టి, రెండు సంచుల కోసం ఇంట్లో చేయడం సాధ్యపడదు. ఆ తరువాత కూడా పంట కాలంలో 16 నుంచి 18 డిగ్రీల చల్లదనాన్ని నిలకడగా ఉంచాలి.

ఎంత స్థలం కావాలి? గది పూర్తిగా చీకటిగా ఉండాలా?

పది సంచులకు ఒక మూల, ఒక ఇనుప అర సరిపోతాయి. చీకటి విషయంలో మాత్రం చాలామంది పొరపడతారు. గడ్డిలో తెల్లని దారాలు పాకే దశలో వెలుతురు అక్కర్లేదు, కాని మొగ్గ వచ్చే దశలో ఆయిస్టర్, షిటాకే వంటి వాటికి రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు గంటలపాటు, పుస్తకం చదువుకోగలిగేంత వెలుతురు ఉండాలి. నేరుగా పడే ఎండ మాత్రం పనికిరాదు. స్థలం కన్నా ముందు చూడవలసినవి మూడు: నేల కడిగేందుకు వీలుగా ఉండడం, గాలి మార్చేందుకు కిటికీ లేదా ఫ్యాను ఉండడం, పడక గదికి దూరంగా ఉండడం. పండిన పుట్టగొడుగుల నుంచి రాలే సిద్ధబీజాలు, అంటే పొడిలాంటి సన్నని బీజాలు, పీల్చే గాలిలో కలుస్తాయి కాబట్టి ఈ మూడోది తేలిగ్గా తీసుకోకండి.

అడవిలో దొరికిన పుట్టగొడుగు ముక్కతో పెంపకం మొదలుపెట్టవచ్చా?

నిపుణులు గుర్తించి నిర్ధారించినది కాకపోతే వద్దు. ప్రాణాంతకమైన కొన్ని పుట్టగొడుగులు తినదగిన వాటిని అచ్చంగా పోలి ఉంటాయి, వాటిలోని అమటాక్సిన్లు అనే విషాలు ఉడికించినా ఎండబెట్టినా నశించవు. మీ సంచిలోనే మీరు విత్తనం వేసిన రకం కాకుండా వేరే రూపంలో ఏదైనా మొలిస్తే దానికీ ఇదే నియమం: తీసి పారేయండి, రుచి చూడకండి.

## విత్తనం

పుట్టగొడుగు విత్తనం అంటే నిజంగా గింజలేనా?

గింజలు ఉంటాయి గాని అవి పుట్టగొడుగు కాసినవి కావు. ఉడికించి క్రిమిరహితం చేసిన జొన్న, గోధుమ, సజ్జ వంటి ధాన్యం మీద పుట్టగొడుగు తాలూకు తెల్లని దారాలను, అంటే శిలీంధ్రజాలాన్ని, పూర్తిగా అల్లుకోనిస్తే అదే స్పాన్ అనే విత్తనం అవుతుంది. ప్రతి గింజా గడ్డిలో ఒక కొత్త మొదలుగా పనిచేస్తుంది కాబట్టి ధాన్యం విత్తనం గడ్డికి బాగా నప్పుతుంది. ఆరుబయట చెక్క ముక్కల మళ్ళలో వేసేందుకు మాత్రం రంపపు పొట్టు మీద పెంచిన విత్తనం మేలు, ఎందుకంటే అందులో ఎలుకలను, పక్షులను ఆకర్షించే ధాన్యం ఉండదు.

కొనేటప్పుడు మంచి విత్తనాన్ని ఎలా గుర్తుపట్టాలి?

ప్యాకెట్టును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పి చూడండి. గింజ గింజకూ తెల్లని పొర సమానంగా ఉండాలి, చేత్తో నొక్కితే గింజలు విడివిడిగా రాలాలి. ఎక్కడైనా ఆకుపచ్చ, నలుపు, నారింజ రంగు మరక ఉంటే అది చిన్నదైనా సరే తీసుకోకూడదు. గింజలు జిగటగా, తడిగా మెరుస్తూ పుల్లని వాసన వేస్తుంటే అది బ్యాక్టీరియా సోకిన విత్తనం. మంచి విత్తనానికి తాజా పుట్టగొడుగు వాసనే ఉంటుంది. ప్యాకెట్టు మీద తయారైన తేదీ, రకం పేరు రాసి ఉండాలి. ఆ రెండూ చెప్పలేనివారి దగ్గర కొనవద్దు. పాతబడిన విత్తనం మీద చాప లాంటి దట్టమైన పొర కట్టి, గింజలు విడిపోకుండా గడ్డకడతాయి.

విత్తనాన్ని ఫ్రిజ్‌లో ఎన్నాళ్ళు ఉంచవచ్చు?

చల్లని వాతావరణానికి చెందిన ఆయిస్టర్, షిటాకే విత్తనాన్ని 2 నుంచి 4 డిగ్రీల మధ్య సుమారు ఒక నెల నిల్వ చేయవచ్చు, ఆ తరువాత వేగం తగ్గుతుంది. అయితే వేడి రకాల విషయంలో ఈ పద్ధతి విత్తనాన్ని చంపేస్తుంది. గులాబీ రంగు ఆయిస్టర్, వరిగడ్డి పుట్టగొడుగు, పాల పుట్టగొడుగు విత్తనాలను ఫ్రిజ్‌లో పెట్టకుండా, నీడగా ఉన్న చోట ఉంచి వీలైనంత త్వరగా వాడేయాలి.

విత్తనం నేనే తయారు చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, కాని గడ్డి మీద పంట తీయడం, విత్తనం తయారుచేయడం రెండూ వేర్వేరు నైపుణ్యాలు. నానబెట్టి, పగలకుండా ఉడికించి, పైతడి ఆరబెట్టిన ధాన్యాన్ని సీసాల్లో నింపి, ప్రెషర్ కుక్కర్‌లో 15 పౌండ్ల ఒత్తిడి మీద, అంటే 121 డిగ్రీల వద్ద, సుమారు గంటన్నర ఉంచాలి. పూర్తిగా చల్లారిన తరువాత గాలి కదలని పెట్టెలో, చేతులూ పనిముట్లూ స్పిరిట్‌తో శుభ్రం చేసుకుని, తెలిసిన చోట కొన్న మూల విత్తనం కలపాలి. స్పిరిట్ ఆవిరి నిండిన ఆ పెట్టెలో మంట వెలిగించడం ప్రమాదకరం. విత్తనం నుంచి విత్తనం, దాని నుంచి మళ్ళీ విత్తనం అంటూ తరాలు పెంచుకుంటూ పోతే బలం తగ్గి దిగుబడి పడిపోతుంది; రెండు మూడు తరాల తరువాత కొత్త మూల విత్తనానికి మారాలి.

## గడ్డి, పొట్టు, శుద్ధి

వరిగడ్డి దొరకకపోతే ఇంకేమి వాడవచ్చు?

గోధుమ గడ్డి, పత్తి కట్టె తునకలు, మొక్కజొన్న కండెలు, చెరకు పిప్పి, ఎండు అరటి ఆకులు, గట్టి కలప రంపపు పొట్టు, వీటిలో ఏదైనా ఆయిస్టర్‌కు సరిపోతుంది. వాడేది ఆ సంవత్సరపు పంట నుంచి వచ్చినదై, వానలో తడవక, బంగారు రంగులో ఉండాలి; నల్లబడిన గడ్డిలో బూజులు ముందే స్థావరం ఏర్పరచుకుని ఉంటాయి. పుట్టగొడుగులు భార లోహాలను, రసాయనాలను తమలోకి తీసుకుంటాయి కాబట్టి పురుగుమందు కొట్టిన గడ్డి, రంగులు లేదా రసాయనాలు పట్టిన కలప పొట్టు అసలు వాడకూడదు.

గడ్డిని ఉడకబెట్టాలా, ఆవిరి పట్టాలా, సున్నపు నీరు చాలునా?

మూడూ పనిచేస్తాయి; మీ దగ్గర ఉన్న ఇంధనం, నీరు, చేసే పరిమాణాన్ని బట్టి ఎంచుకోండి. రెండు మూడు అంగుళాల ముక్కలుగా నరికిన గడ్డిని 65 నుంచి 75 డిగ్రీల వేడి నీటిలో గంట నుంచి గంటన్నర పాటు పూర్తిగా మునిగేలా ఉంచడం చిన్న పెంపకానికి అన్నింటికన్నా నమ్మకమైన పద్ధతి. నీళ్ళు తెర్లిపోయేలా కాచడం వల్ల మేలు లేదు. ఈ మధ్యస్థమైన వేడిలో పోటీ బూజులు చనిపోతాయి, పుట్టగొడుగుకు హాని చేయని కొన్ని సూక్ష్మజీవులు మిగిలి తరువాత వచ్చే బూజులను అడ్డుకుంటాయి. అతిగా ఉడికిన గడ్డిలో ఆ రక్షణ కూడా పోతుంది, గాలిలోంచి ఏది ముందు పడితే దానిదే రాజ్యం అవుతుంది.

సున్నపు పద్ధతిలో లీటరు నీటికి 2 నుంచి 4 గ్రాముల పొడి సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్, కలిపి అందులో గడ్డిని 12 నుంచి 18 గంటలు ముంచి ఉంచుతారు. నీటి క్షారత పీహెచ్ 12 దాటితేనే ఇది పనిచేస్తుంది. ఇక్కడ ఎక్కువమంది దెబ్బతినేది సున్నం రకం దగ్గర: పొలాల్లో ఆమ్లత్వం తగ్గించడానికి చల్లే సున్నపురాయి పొడి కాల్షియం కార్బొనేట్, దాన్ని ఎంత వేసినా పీహెచ్ అంత ఎత్తుకు వెళ్ళదు. సున్నపు నీరు చర్మాన్నీ కళ్ళనూ కాలుస్తుంది కాబట్టి రబ్బరు చేతితొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి.

గడ్డిలో తేమ సరిపోయిందని ఎలా తెలుస్తుంది?

శుద్ధి చేసి, నీరు వార్చి, శుభ్రమైన పట్టా మీద ఆరబెట్టిన గడ్డిని గుప్పెడు తీసుకుని బలంగా పిండండి. ఒకటి రెండు చుక్కలు మాత్రం రాలి, అరచేయి తడిగా మిగిలితే సరిగ్గా ఉన్నట్టు. తేమ సుమారు 60 నుంచి 65 శాతం ఉంటుంది. ధారగా నీళ్ళు కారితే ఇంకా ఆరాలి, అరచేయి తడవకపోతే ఎక్కువ ఆరిపోయింది. గడ్డి కుప్ప అడుగున ఎప్పుడూ తడి ఎక్కువ నిలుస్తుంది, అందుకని పైనుంచే కాక అడుగునుంచి కూడా తీసి పిండి చూడాలి. ఎక్కువ తడి ఉన్న సంచిలో అడుగున నీరు చేరి, గాలి ఆడక కుళ్ళు వాసన మొదలవుతుంది. అనుమానంగా ఉంటే, కొంచెం పొడిగా ఉండడమే కొంచెం ఎక్కువ తడిగా ఉండడం కన్నా నయం.

తవుడు కలిపితే దిగుబడి పెరుగుతుందా?

పెరుగుతుంది, ఎందుకంటే గడ్డిలోనూ పొట్టులోనూ తక్కువగా ఉండే నత్రజని తవుడులో ఉంటుంది. కాని అదే తవుడు బూజులకూ ఇష్టమైన ఆహారం. 10 నుంచి 20 శాతం తవుడు కలిపిన రంపపు పొట్టును వేడి నీటితో శుద్ధి చేస్తే చాలదు; 121 డిగ్రీల ఆవిరి ఒత్తిడిలో రెండు గంటలకు పైగా ఉంచి పూర్తిగా క్రిమిరహితం చేయాలి. ఆ ఏర్పాటు లేనివారు తవుడు కలపకపోవడమే మంచిది.

షిటాకేను చెట్టు దుంగల మీద పెంచవచ్చని విన్నాను. ఎలా?

ఓక్ వంటి గట్టి కలప దుంగలు ఇందుకు తగినవి. ఆకులు రాలిన కాలంలో, ఆరోగ్యంగా ఉన్న చెట్టు నుంచి 10 నుంచి 15 సెంటీమీటర్ల మందం, మీటరు పొడవు గల దుంగలు కొట్టి, బెరడు ఊడిపోకుండా జాగ్రత్తపడాలి. బెరడు పోయిన చోట దుంగ ఎండిపోయి షిటాకే బతకదు. దుంగ చుట్టూ వరుసలుగా రంధ్రాలు చేసి, అందులో విత్తనం పట్టిన చెక్క బిరడాలు కొట్టి, పైన మైనం పూసి నీడలో పేర్చాలి. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర వరకు ఓపిక పట్టాలి. తరువాత దుంగను 12 నుంచి 24 గంటలు చల్లని నీటిలో నానబెడితే మొగ్గలు వస్తాయి. ఒకసారి కాపుకు వచ్చిన దుంగ మూడు నాలుగు సంవత్సరాలు కాస్తుంది.

## సంచి నింపిన తరువాత

ఎంత విత్తనం వేయాలి? ఎక్కువ వేస్తే వృథానా?

తడి గడ్డి పది కిలోలకు అర కిలో నుంచి కిలో వరకు విత్తనం వేయవచ్చు. కొత్తవారు కిలో వైపే మొగ్గడం మేలు, ఎందుకంటే ఎక్కువ చోట్ల మొదలైన పాకుడు త్వరగా కలుసుకుని బూజుకు ఖాళీ చోటు లేకుండా చేస్తుంది. గడ్డి 30 డిగ్రీల కన్నా తక్కువకు చల్లారిన తరువాతే విత్తనం వేయాలి. పొరలు పొరలుగా నింపుతూ, ఖాళీలు మిగలకుండా అదమాలి, అంచుల వెంట విత్తనం కొంచెం ఎక్కువ పడేలా చూడాలి. మూతి కట్టాక, శుభ్రం చేసిన మేకుతో సంచి చుట్టూ పది పదిహేను చిన్న రంధ్రాలు పెట్టాలి.

గది 28 డిగ్రీలే ఉంది, అయినా సంచులు చెడిపోతున్నాయి. ఎందుకు?

చూడవలసినది గది వేడి కాదు, సంచి లోపలి వేడి. శిలీంధ్రజాలం గడ్డిని తింటూ పెరిగేటప్పుడు తానే వేడిని పుట్టిస్తుంది కాబట్టి సంచి నడిమి భాగం గది కన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన పెద్ద సంచుల్లో అది 35 డిగ్రీలు దాటితే ఆయిస్టర్ నడిమి భాగంలో చనిపోతుంది, వేడిని ఇష్టపడే బూజులు ఆ చోటును ఆక్రమిస్తాయి. సంచి మందం 25 నుంచి 30 సెంటీమీటర్లకు మించకుండా, సంచికీ సంచికీ మధ్య అరచేయి దూరేంత ఖాళీ ఉండేలా పెట్టండి. ఒక సంచిలోకి థర్మామీటరు గుచ్చి రోజూ చూడడం కన్నా చవకైన బీమా లేదు.

సంచిలో ఆకుపచ్చ బూజు కనిపిస్తోంది. మొత్తం పారేయాలా?

ట్రైకోడెర్మా అనే ఈ బూజు మొదట తెల్లగానే ఉంటుంది, సిద్ధబీజాలు పుట్టాక ఆకుపచ్చగా మారుతుంది. అంటే ఆకుపచ్చ రంగు కనిపించేసరికే అది గాలిలో వ్యాపించడానికి సిద్ధంగా ఉంది. నాణెమంత మరక, అది కూడా చుట్టూ ఆయిస్టర్ బలంగా అల్లుకున్న సంచిలో ఉంటే, ఆ సంచిని వేరుచేసి ఆరుబయట నీడలో పెట్టి చూడవచ్చు. తరచుగా ఆయిస్టరే దాన్ని అణిచేస్తుంది. మరక పెద్దదైనా, పలుచోట్ల ఉన్నా, సంచిని గదిలో తెరవకుండా బయటికి తీసుకెళ్ళి పూడ్చాలి. నారింజ రంగు బూజు అయితే ఎదురుచూడనే వద్దు. న్యూరోస్పోరా అనే అది ఒకటి రెండు రోజుల్లో గది అంతా పాకగలదు. తడిగుడ్డ కప్పి వెంటనే తొలగించండి.

ఆ తరువాత చేయవలసిన ముఖ్యమైన పని కారణం వెతకడం. మరకలు విత్తనం గింజల చుట్టూ మొదలైతే తప్పు విత్తనానిది. గడ్డి అంతటా చెదురుమదురుగా ఉంటే శుద్ధి సరిపోలేదు. రంధ్రాల దగ్గర, మూతి దగ్గర మాత్రమే ఉంటే గదిలో లేదా చేతుల్లో శుభ్రత లోపించింది.

సంచి అడుగున పసుపు రంగు నీరు చేరింది. ఇది రోగమా?

కొద్దిగా ఉంటే రోగం కాదు. శిలీంధ్రజాలం పెరుగుతూ, లేదా బ్యాక్టీరియాను ఎదుర్కొంటూ, ఇలాంటి ద్రవాన్ని వదులుతుంది. అడుగున చిన్న రంధ్రం పెట్టి కారిపోనిస్తే చాలు. ఆ నీరు కుళ్ళు వాసన వేస్తే మాత్రం గడ్డిలో తడి మితిమీరిందని అర్థం.

## మొగ్గ దశ

సంచి అంతా తెల్లబడి వారం దాటింది, మొగ్గలు రావడం లేదు. ఏం చేయాలి?

లోపల సుఖంగా ఉన్నంతకాలం శిలీంధ్రజాలానికి పుట్టగొడుగు కాయవలసిన అవసరం కనిపించదు. దానికి మార్పు తెలియాలి: తాజా గాలి, వెలుతురు, తేమ, కొంత చల్లదనం. సంచి మీద నాలుగైదు చోట్ల ఇంటూ (×) గుర్తులా కోసి, గది తేమను 85 నుంచి 95 శాతానికి పెంచి, గాలి మార్చండి. చాలా ఆయిస్టర్ రకాల్లో ఐదు నుంచి పది రోజుల్లో గుండుసూది తలల్లాంటి మొగ్గలు కనిపిస్తాయి. అప్పటికీ రాకపోతే ఉష్ణోగ్రత ఆ రకానికి ఎక్కువగా ఉందేమో చూడాలి. చల్లని కాలపు రకం వేడి గదిలో నెలల తరబడి తెల్లగానే కూర్చుంటుంది.

కాడలు పొడుగ్గా సాగి, గొడుగులు చిన్నగా ఉంటున్నాయి. లోపం ఎక్కడ?

గాలి చాలడం లేదు. పుట్టగొడుగులు మనలాగే ఊపిరి పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. బయటి గాలిలో అది పది లక్షల పాళ్ళకు సుమారు 420 పాళ్ళు ఉంటే, మూసిన గదిలో కొన్ని గంటల్లోనే వేలకు చేరుతుంది. వెయ్యి దాటితే ఆయిస్టర్ తాజా గాలిని వెతుక్కుంటూ కాడను సాగదీస్తుంది. లయన్స్ మేన్ అయితే గుండ్రటి ముద్దకు బదులు పగడపు కొమ్మల్లా చీలిపోతుంది. ఫ్యానుతో గంటకు కొన్నిసార్లు గది గాలిని పూర్తిగా మార్చండి. గాలి పెంచితే తేమ పడిపోతుంది, తేమ కోసం మూసేస్తే గాలి నిలిచిపోతుంది. ఈ రెండింటినీ సరితూచడమే మొగ్గ దశలో అసలు పనితనం. కాడ సాగిన పుట్టగొడుగును నిశ్చింతగా తినవచ్చు, అమ్మకానికే అందం తగ్గుతుంది.

రోజుకు ఎన్నిసార్లు నీళ్ళు చల్లాలి?

లెక్క పెట్టుకుని చల్లకండి, చూసి చల్లండి. నేల, గోడలు, వేలాడదీసిన గోనెపట్టాలు తడిగా ఉండాలి. పుట్టగొడుగుల మీద పడిన పొగమంచులాంటి తుంపర రెండు మూడు గంటల్లో ఆరిపోవాలి. గొడుగుల అంచులు చిట్లుతుంటే, మొగ్గలు గోధుమ రంగుకు తిరిగి ఎండుతుంటే తేమ తక్కువ. గొడుగుల మీద పసుపు నుంచి గోధుమ రంగు జిగట మచ్చలు వస్తే అది సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా; నీరు ఆరకుండా నిలిచిన చోటే అది పెరుగుతుంది కాబట్టి తుంపర తగ్గించి గాలి పెంచాలి. మరీ చిన్న మొగ్గల మీద నేరుగా నీళ్ళు కొట్టకండి.

చిన్న నల్ల ఈగలు చేరాయి. మందు కొట్టవచ్చా?

కొట్టవద్దు. పుట్టగొడుగు ఆ మందును పీల్చుకుంటుంది, మీరు దాన్ని కొద్ది రోజుల్లోనే తింటారు. ఈ ఈగల పిల్లపురుగులు శిలీంధ్రజాలాన్నీ కాడలనూ తొలిచి తింటాయి, పెద్దవి బూజు బీజాలను సంచి నుంచి సంచికి మోస్తాయి. కిటికీలకూ ఫ్యానుకూ సన్నని వల బిగించడం, పసుపు రంగు జిగురు అట్టలు వేలాడదీయడం, కోసిన కాడల మొదళ్ళను అదే రోజు గదిలోంచి తీసేయడం, కాపు అయిపోయిన సంచులను ఉంచకపోవడం, ఇవే మందు. విడతకూ విడతకూ మధ్య గదిని ఖాళీ చేసి కడిగి ఆరబెడితే ఈగల తరం తెగిపోతుంది.

## కోత, నిల్వ, వంట

కోతకు సరైన సమయం ఏది?

ఆయిస్టర్ గొడుగు అంచు ఇంకా కొంచెం కిందికి వంగి ఉండగానే కోయాలి. అంచు చదునుగా విచ్చుకుని పైకి లేవడం మొదలైతే సిద్ధబీజాలు రాలుతాయి, బరువు తగ్గుతుంది, నిల్వ ఉండదు. మొగ్గ వచ్చిన నాలుగు నుంచి ఆరు రోజుల్లో ఈ దశ వస్తుంది, చివరి రోజున పరిమాణం దాదాపు రెట్టింపు అవుతుంది కాబట్టి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడాలి. గుత్తి మొదలును వేళ్ళతో పట్టుకుని మెల్లగా మెలితిప్పితే మొత్తం ఊడి వస్తుంది. చిన్న గొడుగులు మిగిలినా గుత్తినంతా ఒకేసారి తీయాలి. ముక్క మిగిలితే అది కుళ్ళి ఈగలను పిలుస్తుంది.

పెంపకం గదిలోకి వెళ్తే దగ్గు వస్తోంది. ప్రమాదమా?

తేలిగ్గా తీసుకోకండి. ఆయిస్టర్ విపరీతంగా సిద్ధబీజాలు రాలుస్తుంది, వాటిని నెలల తరబడి పీల్చేవారికి ఊపిరితిత్తుల్లో అలర్జీ వాపు రావచ్చు. దగ్గు, జ్వరం, ఆయాసం దాని లక్షణాలు. లేత దశలో కోయడం, గదిలోకి వెళ్ళే ముందు గాలి మార్చడం, ఎన్‌95 మాస్కు ధరించడం మొదటి రోజు నుంచే అలవాటు కావాలి. దగ్గు తగ్గకపోతే వైద్యుణ్ణి కలిసి, చేస్తున్న పనేమిటో తప్పక చెప్పండి.

ఒక సంచి నుంచి ఎంత దిగుబడి ఆశించవచ్చు?

దిగుబడిని ఎప్పుడూ ఎండు గడ్డి బరువుతో పోల్చి చూస్తారు. కిలో ఎండు గడ్డికి అన్ని కోతలూ కలిపి 700 గ్రాముల నుంచి కిలో వరకు తాజా ఆయిస్టర్ వస్తే మంచి పంట. ఇందులో సగానికి పైగా మొదటి కోతలోనే వస్తుంది, తరువాతి కోతలు వారం పది రోజుల తేడాతో వచ్చి తగ్గుతూ పోతాయి. మూడో కోత తరువాత సంచిని ఉంచుకోవడం లాభం కాదు. వచ్చే నాలుగు పుట్టగొడుగుల కన్నా అది ఆశ్రయమిచ్చే ఈగలూ బూజూ ఎక్కువ నష్టం చేస్తాయి.

కోసినవి ఎన్ని రోజులు నిల్వ ఉంటాయి?

కడగకుండా, కాగితపు సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే ఆయిస్టర్ ఐదు నుంచి ఏడు రోజులు బాగుంటుంది. ప్లాస్టిక్ సంచిలో మూసి పెడితే చెమట పట్టి జిగటెక్కుతుంది. వరిగడ్డి పుట్టగొడుగు దీనికి మినహాయింపు. ఫ్రిజ్ చల్లదనంలో అది కరిగి నీరైపోతుంది కాబట్టి 10 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంచి త్వరగా వండుకోవాలి.

ఎండబెట్టి దాచుకోవడం ఎలా?

పల్చగా చీల్చి 45 నుంచి 60 డిగ్రీల వేడిలో, విరిస్తే పుటుక్కున విరిగేదాకా ఆరబెట్టి, గాలి చొరని సీసాలో పెట్టాలి. తాజా పుట్టగొడుగులో 90 శాతం దాకా నీరే ఉంటుంది కాబట్టి పది కిలోలకు కిలో మిగులుతుంది. షిటాకే రుచి ఎండితేనే ఇంకా గాఢమవుతుంది. ఆరబెట్టే ముందు ముక్కలను మధ్యాహ్నపు ఎండలో అరగంట పరిస్తే, వాటిలోని ఎర్గోస్టెరాల్ అనే పదార్థం అతినీలలోహిత కిరణాల వల్ల విటమిన్ డి2గా మారుతుంది. నీడలో పండిన పుట్టగొడుగుల్లో ఆ విటమిన్ చాలా తక్కువ.

పచ్చిగా తినవచ్చా?

వద్దు, బాగా ఉడికించి తినండి. పుట్టగొడుగుల కణాల గోడలు కైటిన్‌తో కట్టి ఉంటాయి, ఉడకనిదే సరిగా జీర్ణం కావు. సరిగా ఉడకని షిటాకే తిన్న కొందరికి ఒకటి రెండు రోజుల్లో ఒంటి మీద కొరడా చారల్లాంటి దద్దుర్లు వస్తాయి. మొదటిసారి తినే రకాన్ని కొద్దిగా తిని, శరీరానికి సరిపడిందని తెలిసిన తరువాత మామూలుగా తినాలి.

## అమ్మకం, మిగిలిన గడ్డి

చిన్న షెడ్డు వేసి అమ్మాలనుకుంటున్నాను. ఎన్ని సంచులతో మొదలుపెట్టాలి?

సంచుల సంఖ్య కన్నా ముందు, వారానికి ఎన్ని కిలోలు కచ్చితంగా కొనేవారు ఉన్నారో తేల్చుకోండి. పుట్టగొడుగు కోత వాయిదా వేయడానికి ఒప్పుకోని పంట; ఒకే రోజు నింపిన వంద సంచులు ఒకే వారం విరగకాసి, ఆ తరువాత పది రోజులు ఏమీ ఇవ్వవు. అందువల్ల కొన్నే సంచులను ప్రతి వారం నింపుతూ పోవాలి. అప్పుడు కోత నిలకడగా ఉంటుంది, కొనేవారికి మాట ఇవ్వగలుగుతారు, ఒక విడత చెడినా మొత్తం పోదు. విడతల వారీగా నింపిన తేదీ, విత్తనం ఎక్కడిది, శుద్ధి పద్ధతి, చెడిపోయిన సంచులు, వచ్చిన బరువు రాసిపెట్టుకోండి. సంచుల్లో చెడేవి నూటికి ఐదు లోపుకు వచ్చేదాకా పరిమాణం పెంచవద్దని నా సలహా. పాకే గదినీ పండే గదినీ వేరుగా ఉంచి, శుభ్రమైన గది నుంచి పండే గదికి వెళ్ళాలే తప్ప అదే రోజు వెనక్కి రాకూడదు.

కాపు అయిపోయిన గడ్డిని ఏం చేయాలి?

ప్లాస్టిక్ తీసేసి, పెంపకం గదికి దూరంగా కుప్ప వేయండి. సగం జీర్ణమైన ఈ గడ్డి త్వరగా కంపోస్టుగా మారుతుంది, వానపాములకు మంచి మేత, కూరగాయల మొక్కల మొదట్లో పరిస్తే తేమ నిలుపుతుంది. నీడలో తడిగా పరిచిన ఆయిస్టర్ గడ్డి మీద అప్పుడప్పుడు మరో చిన్న కాపు కూడా వస్తుంది. ఆరుబయట మొలిచినవాటిని మాత్రం, మీరు పెంచిన రకమేనని కచ్చితంగా గుర్తించగలిగినప్పుడే వండుకోవాలి. ఆకుపచ్చ బూజు పట్టిన సంచులను ఈ కుప్పలో కలపకుండా విడిగా పూడ్చాలి. కుప్ప దగ్గర పనిచేసిన బట్టలతో, చెప్పులతో తిరిగి విత్తనం వేసే చోటికి వెళ్ళకూడదు.